పిస్తోలు లేని ఒర

తుపాకీ దొరికితే ఉరి. ఆ సంగతి మా తోటలో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. కానీ తుపాకీ లేకుండా, తుపాకీ పెట్టుకునే తోలు ఒర ఒక్కటే దొరికితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అది తేలింది మా ఇంట్లోనే.

మాది మలయాలో బాగన్ దాతుక్ వైపు, సముద్రానికి దగ్గర్లో కొబ్బరి తోట. నేను పుట్టిందీ అక్కడే, మనువాడిందీ అక్కడే. మా ఆయన ఎద్దుల బండి తోలేవాడు. కాలవ గట్ల మీద పోగేసిన కాయల్ని బండికెత్తి కొట్టానికి చేర్చడం ఆయన పని. నేను కొట్టంలో కాయలు పగలగొట్టి కొబ్బరి ఎండబెట్టే ఆడవాళ్ళలో ఒకదాన్ని. ఎద్దు మెడ పట్టీ తెగితే ఆయన ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. తనే గుమ్మంలో కూర్చుని, కాలి వేళ్ళ మధ్య తోలు నొక్కిపెట్టి, ఆరెతో పొడిచి కుట్టుకునేవాడు. తోలు ముట్టుకుంటున్నాడని చుట్టాలు ముక్కు ముడిస్తే, "నా ఎద్దు మెడ మీకేటి తెలుసు" అని ఊరుకునేవాడు.

తెల్లవాళ్ళ సర్కారు పెట్టిన ఎమర్జెన్సీ కాలం అది. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి తిండి అందకూడదని మా కూలీల లైను ఇళ్ళ చుట్టూ ముళ్ళ తీగ కట్టారు. ఒకటే గేటు. పొద్దున పనికి వెళ్ళేటప్పుడు చేతులెత్తించి ఒళ్ళంతా తడిమేవారు. చద్దన్నం మూట పట్టుకెళ్ళనిచ్చేవారు కాదు. చీకటి పడకముందే గేటు మూసేవారు, కర్ఫ్యూ. మూశాక బయట మనిషి కనిపిస్తే కాల్చినా అడిగే దిక్కు లేదు. మిగతా చోట్ల కంచెలు తీసేస్తున్నారని వినేవాళ్ళం. మా వైపు తీయలేదు.

ఆ ఏడు మెర్డెకా, అంటే స్వతంత్రం, వస్తుందన్నారు. తెల్లవాళ్ళు దేశాన్ని అప్పగించి వెళ్ళిపోతారన్నారు. తోట ఆఫీసు గుమస్తాని మేము కిరాణి అనేవాళ్ళం. మా కిరాణి తెలుగువాడే. ఊళ్ళో ఊరేగింపు ఉందని, మా తోట తరఫున ఒక లారీ కొబ్బరాకులతో కట్టి, వేషాలు వేసుకున్నవాళ్ళని ఎక్కించి పంపుతామని ఆయన ఇంటింటికీ వచ్చి చెప్పాడు. ఎవరికి నచ్చిన వేషం వాళ్ళది.

సరిగ్గా ఆ నెలలోనే సర్కారు బండి వచ్చి ఆఫీసు ముందు తెల్ల గుడ్డ కట్టి సినిమా వేసింది. ముందు ఏవేవో వార్తలు చూపించి, తర్వాత గుర్రాల సినిమా. పెద్ద టోపీల తెల్లవాళ్ళు దుమ్ములో గుర్రాలు తోలుతూ ఆవుల మందల వెనక పోతుంటారు. ఒక్క మాట అర్థం కాలేదు గానీ ఎవరూ కదల్లేదు. మా ఆయనైతే నోరు మూయడం మరిచిపోయాడు.

"ఓలే, సూసినావేటి? ఆళ్ళూ గొడ్లు తోలుకునీవోళ్ళే. నాలాటోళ్ళే."

"ఆళ్ళు గుర్రం మీదున్నారు. నువ్వు ఎద్దు తోక ఎనకాల నడుత్తన్నావు" అన్నాను.

"గుర్రమైతే ఏటి, ఎద్దైతే ఏటి? తోలీవోడు తోలీవోడే లా." మలాయివాళ్ళ ఆ 'లా' మా అందరి మాటల చివరా అంటుకుంది.

ఆ తెల్లవాళ్ళందరికీ నడుముకి వెడల్పాటి తోలు పటకా, తొడ మీదకి జారినట్టు ఒర, అందులో పిస్తోలు. ఒర కింది కొసని సన్నటి తోలు తాడుతో తొడకి కట్టుకున్నారు. పటకా చుట్టూ వరసగా చిన్న చిన్న తోలు ఉంగరాలు, ఒక్కోదాంట్లో ఒక్కో పొట్టి గొట్టం. అవేమిటో మాకు తెలియదు. మా గేటు దగ్గర కాపలావాళ్ళ తూటాలు మూత ఉన్న సంచుల్లో ఉండేవి. విడి తూటా ఒక్కటి మేము కంటితో చూసి ఎరగం.

"ఆడి మొలకి సూడు, ఎన్ని సుట్టలు దోపుకున్నాడో!" అన్నాడు మా ఆయన. "మాయమ్మ సూసిందంటే ఆడితోటే ఎల్లిపోద్ది."

అలా అనుకోవడంలో వింతేమీ లేదు. ఆ సినిమాలో అందరూ పొగ తాగుతూనే ఉన్నారు. మా ఇంట్లో చుట్ట లేని నిమిషం లేదు. మా అత్త పొగాకు ఆకు తెచ్చుకుని తనే తొడమీద చుట్టుకునేది. నిప్పు ఉన్న కొస నోటి లోపల పెట్టుకుని పీల్చేది. అడ్డపొగ అంటాం. మా వాళ్ళలో పెద్ద ఆడవాళ్ళందరూ అంతే. మగవాళ్ళు మొలలో దోపుకుని పనికి పోయేవారు.

మర్నాటి నుంచి మా ఆయనకి అదే ధ్యాస. ఊరేగింపులో తను ఆ గొడ్లు తోలే తెల్లవాడు అవుతాడు. టోపీ కొబ్బరాకుతో అల్లించుకోవచ్చు. పటకా, ఒర మాత్రం అసలువాటిలాగే ఉండాలి. పాత ఎద్దు పట్టీలు విప్పి, ఇంకో తోలు ముక్క ఎక్కడినుంచో తెచ్చి నానబెట్టాడు. ఒర బిగువుగా రావాలంటే లోపల వస్తువు పెట్టి తడి తోలుని దాని మీద కుట్టి ఎండనివ్వాలట. వస్తువు ఎక్కడిది? మడ చెట్టు కర్ర తెచ్చి పిస్తోలు చెక్కాడు. దీపం మసి, కొబ్బరి నూనె కలిపి రుద్దాడు. ఆ నల్లదాన్ని చూడగానే వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

"మావా, దీన్ని ఇంట్లో ఉంచకు. కిరాణి గారికి సూపించి ఆయన దగ్గరే ఎట్టు."

"కర్ర ముక్కే ఇది. కర్రకి ఉరెవడేత్తాడు?"

"కర్రని ముందు సూసినోడు ఎవడు? నల్లగుంటే సాలు, కాల్చీసి తరవాత సూత్తారు."

"ఇప్పుడు సూపిత్తే లైన్లో ప్రతీవోడూ ఇలాటిదే కట్టుకుంటాడు. ఆరనీ. ఆరిన రోజు నానే పట్టుకెల్తాను."

అత్త పొయ్యి దగ్గర్నుంచి అందుకుంది. "ఆడి సరదా ఆడిది. నీ మొగుడు ఏ అడివిలోకి ఎల్లిపోతన్నాడే? లారీ ఎక్కుతాడు, దిగుతాడు."

పటకాకి ఉంగరాలు కుట్టేటప్పుడు కొలతకి ఆవిడ చుట్టే పెట్టుకున్నాడు. ఉంగరం ఉంగరానికీ దోపి చూసుకున్నాడు. తయారైన దాన్ని వంటింటి వెనక నీడలో మేకుకి తగిలించాడు. కర్ర పిస్తోలు లోపలే ఉంది. తోలు ఎండుతున్నకొద్దీ దాన్ని పట్టుకుని ఆ ఆకారమే తేలుతూ వచ్చింది. గుమ్మంలోంచి చూస్తే ఎవరో మనిషి తుపాకీ తగిలించి లోపలికి వెళ్ళినట్టే ఉండేది. నేను అటు వెళ్ళినప్పుడల్లా దాని మీద చీర కప్పేదాన్ని. ఆయన వచ్చి తీసేసేవాడు, గాలి తగలాలని.

అంతలో పక్క తోట నుంచి కబురు. అక్కడి చిన్న దొర పిస్తోలు పోయింది. ఎవరు తీశారో తెలియదు. అడవిలోకి చేరిందో, ఏ లైనింటి చూరులో ఉందో తెలియదు. కొట్టంలో ఆ మాట విన్నప్పుడు నా చేతిలో కత్తి జారి వేలు తెగింది. సాయంత్రం ఇంటికి వెళ్ళగానే ఆయన్ని పట్టుకున్నాను.

"రేపు పట్టుకెల్తానే" అన్నాడు. "తోలు ఇంకా మెత్తగున్నాది. ఇప్పుడు కర్ర లాగీత్తే కుదురు పోతాది."

మర్నాడు పొద్దున దాన్ని మేకుకే వదిలి మేమిద్దరం పనికి వెళ్ళిపోయాం. ఎండ ఎక్కాక ఈలలు వినిపించాయి. పోలీసు లారీలు వచ్చాయి, అందరూ ఎవరి ఇంటి ముందు వాళ్ళు నిలబడాలని కేక. కొట్టం నుంచి పరుగెత్తాను. మా ఇంటి పొయ్యి నుంచి దట్టంగా పొగ వస్తోంది. మా అత్త గుమ్మంలో నిలబడి ఉంది, నోట్లో చుట్ట, ముఖంలో ఏదో గెలిచినట్టు.

"ఆ నల్లదాన్ని పొయ్యిలో ఎట్టీసినాను" అంది నా చెవిలో. "బూడిదైపోనాది. నీకింక బయం నేదు."

"మరి ఒరో?"

"ఒరెందుకు కాల్చడం? తోలు కాలిత్తే కంపు లైనంతా కొడతాది. ఆళ్ళకి తెలిసిపోదేటి? మేకుకే ఉన్నాది."

కర్ర ఉంటే, ఇదిగో కర్ర అని చూపించేవాళ్ళం. ఇప్పుడు పిస్తోలు ఆకారం పట్టిన ఒర ఉంది, పిస్తోలు లేదు. పక్క తోటలో పిస్తోలు పోయింది, ఒర లేదు. వెళ్ళి మేకు మీద నుంచి లాగేద్దామని గడప దాటాను. అప్పటికే పక్కింట్లోంచి బూట్లు బయటికి వచ్చాయి.

ఒక కానిస్టేబులు లోపలికి వెళ్ళాడు. చట్లు కదిలిన చప్పుడు. బయటికి వచ్చినప్పుడు పటకా రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు, పామును పట్టుకున్నట్టు.

ఇన్‌స్పెక్టరు మలాయి మనిషి, మా ఆయన వయసే ఉంటుంది. పటకా చూశాడు, ఒరలోకి వేలు పెట్టి తిప్పాడు. మాతో మలాయిలోనే మాట్లాడాడు. బజారు మలాయి మా అందరికీ వచ్చు.

"ఇది ఎవరిది?"

"మా ఆయనది" అన్నాను. అబద్ధం చెప్పే ధైర్యం కూడా రాలేదు.

ఇద్దరు వెళ్ళి కాలవ గట్టు నుంచి ఆయన్ని తీసుకొచ్చారు. చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. మట్టి కాళ్ళతో, ఎద్దుల వాసనతో, ఏం జరిగిందో తెలియని ముఖంతో వచ్చాడు. ఒరని చూసి ముందు అది బాగా ఆరిందా అన్నట్టు చూశాడు. అప్పుడు అది ఖాళీగా ఉందని కనిపెట్టాడు. మా అత్త వైపు చూశాడు. ఆవిడ పొయ్యి వైపు చూసింది.

"పిస్తోలు ఎక్కడ?"

"పిస్తోలు లేదు తువాన్" అన్నాడు మా ఆయన, దొరని పిలిచినట్టే. " కర్రది. మెర్డెకా వేషానికి చేశాను."

"కర్రది ఎక్కడ?"

"పొయ్యిలో" అన్నాను నేను.

ఇన్‌స్పెక్టరు వంగి పొయ్యిలోకి చూశాడు. కొబ్బరి పీచు బూడిద, ఎర్రటి నిప్పులు. కర్ర పుల్లతో కెలికాడు. అందులో ఏది తుపాకీ, ఏది కట్టె? లేచి నా వైపు తిరిగి, "మేము వచ్చే వేళకే కాల్చారు" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

మళ్ళీ మా ఆయన దగ్గరికి వెళ్ళి పటకాని ముఖం ముందు పట్టాడు. వేలితో ఉంగరాల మీద గీశాడు. "పిస్తోలు కాల్చేశారు, సరే. వీటిలో పెట్టిన తూటాలేవి? అవీ కర్రవేనా?"

మా ఆయన తెల్లబోయాడు. "తూటాలా? అవి చుట్టలు పెట్టుకోవడానికి తువాన్."

కానిస్టేబులు లాగి చెంప మీద కొట్టాడు. ఆయన తలపాగా ఊడి కింద పడింది. లైనంతా చూస్తోంది. నేను ముందుకి వెళ్ళబోతే తుపాకీ అడ్డంగా పెట్టారు. నాకు అప్పుడు తట్టింది ఒక్కటే. ఈయన నిజమే చెబుతున్నాడు, ఆ నిజం వెటకారంలా వినిపిస్తోంది. ఇంకో మాట నిజం చెబితే ఇక్కడే చంపేస్తారు.

మా అత్త ఒక్క ఉదుటున మధ్యలోకి వచ్చేసింది.

"కొట్టకు నాయినా, కొట్టకు! నీ సెయ్యి పడిపోను, ఆడేటి సేసినాడు?" ఆవిడకి మలాయి సగమే వచ్చు, కోపం వస్తే అదీ పోతుంది. నోట్లోంచి చుట్ట బయటికి లాగింది. నోటి లోపల నుంచి ఎర్రటి నిప్పు రావడం చూసి కానిస్టేబులు ఒక అడుగు వెనక్కి వేశాడు. వేళ్ళతో నిప్పు నలిపి ఆర్పి, పటకా లాక్కుని, ఒక ఉంగరంలో ఆ చుట్ట దోపింది. సరిగ్గా పట్టింది. కొంగు మూట విప్పింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ఒక్కటి కూడా కింద పడలేదు. "సూడు. నీ కళ్ళెట్టి సూడు. నా సుట్టతోటే కొలిసి కుట్టినాడు."

ఇన్‌స్పెక్టరు పటకా తీసుకుని చాలాసేపు చూశాడు. తన పిస్తోలు విప్పి ఒక తూటా బయటికి తీశాడు. ఖాళీ ఉంగరంలో పెట్టాడు. అది నిలవలేదు, జారి నేల మీద పడి దొర్లింది. మా ఆయన దాన్ని చూశాడు. ఇత్తడి రంగు, చిటికెన వేలంత. ఆయన ముఖంలో రక్తం లేదు. తెర మీద అందరి మొలలకీ ఉన్నవి ఇవా అని అప్పుడు తెలిసింది ఆయనకి. అంతమందిని ఎలా చంపగలిగారో కూడా తెలిసే ఉంటుంది.

తర్వాత ఇన్‌స్పెక్టరు పిస్తోలుని ఒరలోకి జార్చాడు. పిడితో సహా లోపలికి వెళ్ళిపోయింది. తెర మీద పిస్తోలు మనిషి చేయంత పొడుగు కనిపిస్తుంది కదా, మా ఆయన ఆ లెక్కనే చెక్కాడు. ఇన్‌స్పెక్టరు ఒరని తలకిందులు చేసి దులిపి తన పిస్తోలు తీసుకున్నాడు. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.

"నేను నమ్మినా చాలదు. స్టేషన్లో తెల్ల ఆఫీసరు చూడాలి" అన్నాడు. "వీడూ రావాలి, పటకా రావాలి." ఆగి, మా అత్తని చూపించాడు. "ఈవిడా రావాలి. చుట్టలతో."

"నన్నూ తీసికెల్లండి" అన్నాను. వినలేదు.

లారీ వెళ్ళాక లైనులో ఎవరూ నా దగ్గరికి రాలేదు. పక్కింటామె తలుపు వేసుకుంది. నేను తప్పు పట్టను, ఆ రోజుల్లో అంతే. గేటు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఎండ వాలింది. పనివాళ్ళు తిరిగొచ్చారు, తడిమించుకుని లోపలికి వెళ్ళారు. కాపలావాడు తమిళ మనిషి. గేటు రెక్క పట్టుకుని నిలబడ్డాడు.

"లేమ్మా. మూసే వేళయింది."

"ఆళ్ళు రాలేదు."

"రేపు వస్తారు."

"ఈ యాల పంపీసినారనుకో. మూసీసుంటే ఆళ్ళు బయటుండిపోతారు. బయటున్నోళ్ళని ఏటి సేత్తారో నీకు తెలీదేటి?"

"అమ్మా, నా ఉద్యోగం పోతుంది లా."

"మూసుకో. నా మీంచి మూసుకో." గేటు రెక్క తిరిగే చోట కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. అతను ఈల ఊదలేదు. అలాగని వదలనూ లేదు. తుపాకీ భుజం నుంచి దించి నా పక్కనే నిలబడ్డాడు, రోడ్డు వైపు చూస్తూ. వెలుతురు కొబ్బరి తలల మీద నుంచి కూడా పోయింది. వాళ్ళని ఉంచేస్తే ఎవరిని అడగాలి, ఏ భాషలో అడగాలి, ఇదే నా తలలో. అతను రెండోసారి, "అమ్మా" అన్నప్పుడు దూరంగా లారీ దీపాలు కనిపించాయి.

ముందు మా అత్త గొంతే వచ్చింది. "నడుం ఇరిగిపోనాది! ఇదేం బండి, దీనికన్నా మా ఎద్దులే నయం." ఆమెను ఎవరో దించారు, వెనక మా ఆయన దిగాడు. చెంప వాచింది. నేను ముట్టుకుని చూశాను, మనిషే, వెచ్చగా ఉన్నాడు. మా వెనక గేటు పడింది.

అన్నం పెడుతుంటే అత్త చెప్పింది. "ఆ తెల్ల దొర అచ్చం అలాగే సేసినాడే. తూటా ఎట్టినాడు, పడిపోనాది. పిస్తోలు ఏసినాడు, దిగిపోనాది. నా సేత సుట్ట కాల్పించినాడు, నిప్పు లోపలెట్టి. ఇంక సూడు, పగలబడి నవ్వినాడు. టేసన్లో అందరూ నవ్వినారు. పటకా ఆడే ఉంచీసుకున్నాడు." ఆ నవ్వు తలచుకుని తనూ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది.

మా ఆయన తింటూ తింటూ ఆగాడు. "తిన్నగా కుట్టుంటే సంపీసుండేవోళ్ళు" అన్నాడు.

పక్క తోట పిస్తోలు దొరికిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

మెర్డెకా పొద్దున కిరాణి గారు స్వయంగా వచ్చి పిలిచారు. "వేషం లేకపోయినా పర్లేదయ్యా, లారీ ఎక్కు." అత్త వద్దంది. ఆయన వెళ్తానన్నాడు. నేనూ వెంట వెళ్ళాను, ఒక్కణ్ణీ వదలడానికి మనసు ఒప్పలేదు. గేటు దగ్గర లారీకి జెండాలు కట్టారు, పిల్లలు కాగితం జెండాలు ఊపుతున్నారు. ఆ రోజు కూడా గేటు దగ్గర వరసే. అదే కాపలావాడు. మా ఆయన కథ అప్పటికి లైనంతా తెలుసు. అతను నవ్వి, "నువ్వు వెళ్ళయ్యా, ఇవాళ మెర్డెకా" అని చెయ్యి ఊపాడు.

మా ఆయన కదల్లేదు. రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

"సూడు" అన్నాడు. "మొల సూడు, తలపాగా ఇప్పి సూడు. అందరి ముందూ సూసీసి, అప్పుడు పంపు."

"అక్కర్లేదయ్యా."

"సూడమంటన్నాను కదా."

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. వెనకవాళ్ళు గొణిగారు. కాపలావాడు నవ్వు ఆపి, తుపాకీ పక్కన పెట్టి, వంగి ఆయన నడుము దగ్గర నుంచి మడమల దాకా తడిమాడు. తలపాగా విప్పి దులిపి ఇచ్చాడు. అప్పటికి గానీ ఆయన చేతులు దించలేదు. తర్వాత నా వంతు. ఆడవాళ్ళని తడిమి చూసే ఆమె ఇంకా రాలేదు. వచ్చే దాకా నేను చేతులెత్తి అలాగే నిలబడ్డాను. ఎవరూ నన్ను చేతులెత్తమనలేదు.